కాఫీ తాగి వచ్చిన స్కాను

నర్సీపట్నం,
ఆదివారం, పొద్దున్న.

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న దీవెనలు.

మొన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజు చూశాను. థీసిస్ టాపిక్ పేరు ఒక లైను, "బాగుందా పెదనాన్నా?" అని ఇంకో లైను, కింద దండం బొమ్మ. బాగుందమ్మా అని కొట్టి పంపేస్తే సరిపోయేది. మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ చెరిపేశాను. ఇది ఫోనులో ఒదిగే జవాబు కాదనిపించి తెల్లకాగితాలు తెప్పించుకుని కూర్చున్నాను. నా రాత అర్థం కాకపోతే మీ నాన్ననడుగు. నా నోట్సులు చదివే వాడు ఇంటర్ గట్టెక్కాడు.

గుండెపోటు వచ్చిన కండరంలో కొత్త రక్తనాళాలు పుడుతున్నాయా లేదా అన్నది పెట్ స్కానుతో పట్టుకోవాలని నీ ఆలోచన. న్యూక్లియర్ మెడిసిన్‌లో చేరి ఆర్నెల్లు కాని పిల్ల ఇంత పెద్ద చేపకి వల వేసిందని ముచ్చటేసింది. వెంటనే భయమూ వేసింది. ముచ్చట సంగతి మీ నాన్నకి చెప్పాను. భయం సంగతి నీకు రాస్తున్నాను.

రిటైరై ఊరు చేరాక సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటాను కదా, ఫైళ్ల సంచులు పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. గొలుగొండ నుంచి, నాతవరం నుంచి, ఒక్కోసారి పైన చింతపల్లి నుంచి. వాళ్ల మాటల్లో రక్తనాళం లేదు, నరం ఉంది. "గుండెలో మూడు నరాలు పూడుకుపోనాయంట బాబూ." "స్టంటు ఎయ్యాలంట బాబూ." ఈమధ్య ఒక కొత్త ప్రశ్న మొదలైంది: "కోత లేకుండా కొత్త నరాలు పుట్టిస్తారంట గదా, నిజమేనా?" కాళ్లకి పట్టీలు చుట్టి, గుండె సడలినప్పుడల్లా గాలి నింపి రక్తాన్ని పైకి తోసే చికిత్స ఉంది చూడు, ఈఈసీపీ, రోజుకో గంట చొప్పున 35 గంటలు. దాన్ని మన దగ్గర 'సహజ బైపాస్' అని పిలిచేస్తున్నారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ జనం నోట్లో బాగా నానింది.

చూశావా, నీ థీసిస్ ప్రశ్నా, అరుగు మీది ప్రశ్నా ఒకటే. కాకపోతే నీ దగ్గర కెమెరా ఉంది. కెమెరా చేతిలో ఉన్నవాడు లేనివాడి కన్నా త్వరగా మోసపోతాడు. ఆ మోసపోయిన కథ నాదే, చెబుతాను. ముందు ఆ కెమెరాకి కనపడనిదేమిటో చూద్దాం.

చిన్నప్పుడు నిన్ను తాండవ రిజర్వాయరు గట్టు మీద తిప్పాను, గుర్తుందో లేదో. అక్కడ బయల్దేరిన పెద్ద కాలువ బస్సులో పోయేవాడికీ కనపడుతుంది. దాంట్లోంచి పిల్ల కాలువలు, వాటిలోంచి బోదెలు, బోదె నుంచి మడికి చిన్న గండి. ఎంత ఎత్తు కొండెక్కి చూసినా ఆ గండి కనపడదు. మరి నీరందిందో లేదో రైతుకెలా తెలుస్తుంది? మడిలో కాలు పెడితే తెలుస్తుంది. నాలుగు రోజులు ఆగితే పైరు రంగు చెబుతుంది.

యాంజియోగ్రాం అంటే కొండెక్కి చూడటం. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ గుండె ధమనిలోకి డై పంపి బొమ్మ తీసినప్పటి నుంచి ఇప్పటి దాకా కెమెరాలు ఎంతో మారాయి గానీ, మిల్లీమీటరులో అయిదో వంతు కన్నా సన్నని నాళం అందులో సరిగా తేలదు. నువ్వు వెతుకుతున్న కేశనాళిక వెడల్పు ఒక ఎర్రకణమంత. మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. గుండె కండరాన్ని అడ్డంగా కోసి ఒక చదరపు మిల్లీమీటరు చూస్తే అలాంటివి వేలల్లో ఉంటాయి. పెట్ కెమెరాకి కూడా నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా చిన్నది విడిగా కనపడదు. కాబట్టి 'కొత్త నాళాన్ని చూశాం' అని ఏ స్కానూ అనలేదు. దాని జాడ చూశామనాలి. ఈ ఒక్క క్రియాపదం దగ్గర నువ్వు జాగ్రత్తగా ఉంటే సగం థీసిస్ గట్టెక్కినట్టే.

ఇంకో మెలిక ఉంది. కొత్త నాళాలు అనే మాట కింద రెండు వేరువేరు పనులు నడుస్తాయి. ఆక్సిజన్ అందక అలమటించే కణాలు సంకేతం పంపితే, ఉన్న కేశనాళిక నుంచి మొలక తన్నడం ఒకటి. బోదెకి కొత్త గండి పడటం లాంటిది. పుట్టుకతోనే ఉండి వాడుకలో లేని సన్నటి పక్కదారి, పెద్ద కాలువ మూసుకుపోగానే ప్రవాహం ఒరుసుకుని వెడల్పవడం రెండోది. కొలాటరల్ అంటామే, అది. పోటు తట్టుకున్న గుండెని ఆదుకునేది ఎక్కువగా ఈ రెండోదే. ఎంత గండి కొట్టినా పై నుంచి నీళ్లు రాకపోతే మడి తడవదు కదా. నీ టాపిక్ పేరులో ఈ రెండిట్లో ఏదో చెప్పలేదు. మీ గైడుగారు మొదట అడిగేది అదే, లేదా అడగాల్సింది అదే.

సరే, నా కథ.

2009లో అనుకుంటాను. నేను పనిచేసే ఆసుపత్రికి చింతపల్లి పైన కాఫీ తోటల్లో పనిచేసే ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. నాలుగడుగులు ఎత్తు ఎక్కితే ఛాతీ పట్టేసేది. యాంజియోలో ముందరి ధమని బాగా మూసుకుపోయి ఉంది. బైపాస్ అంటే ఠారెత్తిపోయాడు. ఛాతీ కోస్తే ఇక బరువు మోయలేనని అతని భయం. వార్డులో ఉండగానే అడినోసిన్ ఇచ్చి స్ట్రెస్ స్కాను తీశాను. గుండె ముందు గోడలో నల్లగా పెద్ద మచ్చ. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన బొమ్మలో ఆ మచ్చ పూడింది. అంటే కండరం బతికే ఉంది, పని పడితే రక్తం చాలడం లేదు. చేతిలో కొత్తగా వచ్చిన ఆ గాలిపట్టీల చికిత్స ఉంది గనక, మా కార్డియాలజిస్టు దానికి పెట్టాడు. నగరంలో చుట్టాలింట్లో ఉండి ఏడు వారాలు తిరిగాడు పాపం. అయిపోయాక ఊరెళ్లి, నెలకి మళ్లీ స్కానుకి వచ్చాడు.

మచ్చ దాదాపు మాయం.

నాకు చేతులు ఆగలేదు. రిపోర్టులో 'రక్తప్రసరణ గణనీయంగా మెరుగుపడినది' అని రాసి ఊరుకోవాలా? 'కొత్త కొలాటరల్ నాళములు ఏర్పడి ఉండవచ్చును' అని కూడా రాశాను. ఆ రెండో వాక్యం నన్నెవరూ అడగలేదు. ఆ బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టిన స్లయిడు ఒక డాక్టర్ల సమావేశంలో చూపించారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కొన్నాళ్లకి ఆ మనిషే ఏదో పనిమీద వచ్చి, గుమ్మంలో నిలబడి, కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. తోట కాఫీ, ఇంట్లో వేయించి దంచిన పొడి. వాసనకే ప్రాణం లేచొచ్చింది. మాటల్లో పడి అడిగాను, "ఆ రోజు కొండ మీంచి అంత పొద్దున్నే దిగొచ్చావు, కడుపులో ఏమీ లేకుండా ఎలా వచ్చావయ్యా?" అని. "టీ తాగొద్దన్నారు గదా బాబూ మీ వోళ్లు, టీ ముట్టలేదు. ఇంటికాడ రెండు గ్లాసులు కాఫీ ఏసుకుని బస్సెక్కినాను. ఈ పొడే."

చదువుకున్నదానివి, నీకు విప్పి చెప్పక్కర్లేదు. అయినా రాస్తాను, ఎందుకంటే చదువుకున్న నేనే పప్పులో కాలేశాను. అడినోసిన్ తూములన్నీ ఎత్తేస్తుంది. మంచి ధమని ఉన్న చోట రక్తం మూడు నాలుగు రెట్లు పొంగుతుంది. మూసుకున్న ధమని కింద పొంగదు. ఆ తేడాయే మనకి మచ్చగా కనపడుతుంది. కాఫీలో కెఫీన్ ముందే పోయి అడినోసిన్ కూర్చోవాల్సిన పీట మీద కూర్చుంటుంది. ఇక తూములు లేవవు. ఎండిన మడి పచ్చబడలేదమ్మా. పక్క మడికి నీళ్లు ఆగిపోయాయి. రెండూ ఒక్కలాగే కనపడ్డాయి. నేను దాన్ని పంట అనుకున్నాను.

బతిమాలి, ఇరవై నాలుగు గంటలు కాఫీ టీ రెండూ మాన్పించి, మూడోసారి స్కాను తీశాను. మచ్చ మొదటి రోజు ఎక్కడుందో అక్కడే, అంతే ఉంది.

అయితే ఈ కథలో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది కాఫీ కాదు. ఆ మనిషికి నొప్పి తగ్గిన మాట నిజం. ఎత్తు ఎక్కగలిగేవాడు, నాలిక కింద మాత్ర వాడకం తగ్గింది. అబద్ధం చెప్పే మనిషి కాడు. నొప్పి తగ్గిందన్నది అతని అనుభవం. కొత్త నాళాలు వచ్చాయన్నది నా రాత. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని, రెండోదాన్ని చూపి మొదటిదాన్ని రుజువు చేసుకున్నాం మేమంతా. ఈఈసీపీ మీద పేరున్న పరీక్ష ఒకటి 1999లో అచ్చయింది, 139 మంది మీద చేశారు. ఉత్తుత్తి గాలి పెట్టిన వాళ్లతో పోలిస్తే నిజం చికిత్స పొందిన వాళ్లకి నొప్పి తగ్గింది, ఈసీజీ మార్పు ఆలస్యంగా వచ్చింది. ట్రెడ్‌మిల్ మీద నడిచిన మొత్తం సమయంలో మాత్రం రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఆ చికిత్స పనికిరాదని నేననను. దాని మీద 'కొత్త నరాలు' అని చీటీ అంటించే ముందు చూపించమంటాను.

చూపించడం అంటే ఏమిటన్నదే ఇప్పుడు నీ పని.

నువ్వు పట్టుకోవాలనుకున్న ఆర్‌జీడీ ట్రేసర్ సంగతి నాకు తెలుసు. మొలకెత్తే నాళం లోపలి పొర కణాలు ఆల్ఫా-వి-బీటా-3 అనే ఇంటిగ్రిన్‌ని పైకి తెస్తాయి, ఆర్‌జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల వరస వెళ్లి దానికి అతుక్కుంటుంది, దాని తోకకి ఐసోటోపు కడితే కెమెరాలో వెలుగుతుంది. అందమైన ఆలోచన. యేల్‌లో ఆల్బర్ట్ సినూసాస్ బృందం 2004లో అదే ఇంటిగ్రిన్‌కి అతుక్కునే పదార్థానికి ఇండియం కట్టి కుక్కల్లో, ఎలకల్లో చూపించింది. 2017లో ఎడిన్‌బరో వాళ్లు ఫ్లూసిక్లటైడ్ అనే ట్రేసర్‌తో గుండెపోటు వచ్చిన మనుషుల్లో చూశారు. పోటు వచ్చిన రెండు వారాలకి దెబ్బతిన్న చోట వెలుగు కనిపించింది, తరవాత కోలుకున్న భాగాల్లో ఆ వెలుగు ఎక్కువగా ఉందని తేల్చారు. ఏళ్లనాటి పాత మచ్చల్లో వెలుగు లేదు. చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

కానీ ఆ ఇంటిగ్రిన్ నాళానికే సొంతం కాదు. మంట పుట్టిన చోట చేరే మాక్రోఫేజుల మీదా ఉంటుంది, మచ్చ అల్లే కణాల మీదా ఉంటుంది. పోటు తరవాత మొదటి వారాల్లో ఈ ముగ్గురూ ఒకే వీధిలో పనిచేస్తుంటారు. వెలుగుని చూసి ఎవరి దీపమో చెప్పడం కష్టం. మన రైలు స్టేషను గుర్తుందా? బోర్డు మీద నర్సీపట్నం రోడ్ అని ఉంటుంది. అది చూసి దిగిన కొత్తవాడికి ఊరు కనపడదు, ఇంకా పాతిక కిలోమీటర్ల పైన పోవాలి. ఇంటిగ్రిన్ వెలుగు ఆ బోర్డు. ఊరు ఆ దిక్కునే ఉంది, అబద్ధం లేదు. కానీ చేరామనకూడదు.

చేరామో లేదో చెప్పేది ప్రవాహం. ఇక్కడే నా పాత కెమెరా కన్నా నీ కెమెరా వెయ్యి రెట్లు నయం. నా గామా కెమెరా ఒక గోడని పక్క గోడతో పోల్చేది, అంతే. ఎక్కువ తక్కువలే గానీ ఎంతో చెప్పలేదు. నీ పెట్‌లో అమ్మోనియా ఎక్కించి, ప్రతి గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో అంకె రాబట్టవచ్చు. విశ్రాంతిలో ఒకటికి అటూ ఇటూ, ఆరోగ్యమైన గుండెలో అడినోసిన్ మీద దానికి మూడు నాలుగు రెట్లు. ఆ రోజు నా దగ్గర ఆ అంకె ఉండి ఉంటే, కాఫీ తాగిన గుండెలో ఏ గోడా పొంగలేదని క్షణంలో తెలిసిపోయేది. చప్పట్లు తప్పేవి. ఎకోలో చిన్న బుడగలు ఎక్కించి, అల్ట్రాసౌండు జోరుతో వాటిని పగలగొట్టి, మళ్లీ ఎంత సేపట్లో నిండుతాయో చూసే పద్ధతి కూడా ఉంది. సంజీవ్ కౌల్ దాని మీద చాలా పని చేశాడు. ఆ బుడగలు ఎర్రకణాల్లాగే నాళం దాటి బయటికి పోవు గనక కేశనాళికల లెక్కకి దగ్గరగా వస్తుంది. రేడియేషన్ లేదు. మీ కాలేజీలో ఎకో వాళ్లు ఓపికున్న వాళ్లైతే అడిగి చూడు.

నీరందాక పైరు సంగతి. దీనికి మన మనిషి ఒకాయన్ని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని బయటపెట్టారు. ఏటీపీ జేబులో చిల్లరైతే ఫాస్ఫోక్రియాటిన్ గల్లాపెట్టె. ఖర్చు పెరిగితే ముందు అక్కడ తరుగుతుంది. అరవై ఏళ్ల తరవాత జాన్స్ హాప్కిన్స్‌లో రోగుల్ని ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టి, చేతిలో పిడి నొక్కమని, గుండెలో ఆ రెండిటి నిష్పత్తిని అయస్కాంతంతోనే కొలిచారు. 1990లో అచ్చయింది. ముందరి ధమని బాగా మూసుకున్న వాళ్లకి పిడి నొక్కగానే గల్లాపెట్టె ఖాళీ అవడం మొదలైంది. వాళ్లలో కొందరికి రక్తం దారి సరిచేశాక మళ్లీ కొలిస్తే ఆ తరుగుదల లేదు. మడిలో కాలు పెట్టి చూడటమంటే అది. రోజువారీ పనికి అది పెద్దగా రాలేదు, సంకేతం మరీ సన్నం, సమయం ఎక్కువ. అయినా నాకు దాని మీద మోజు పోలేదు. సుబ్బారావుగారు తీసిన పదార్థం, ఏళ్లు గడిచాక, రక్తం నిజంగా అందిందో లేదో గుండె చేతే చెప్పించింది.

ఇంత పొడుగ్గా ఎందుకు రాశానంటే, కొత్త నాళాలు పుట్టిస్తామని ఊరించే ఈ విద్య పాతికేళ్ల క్రితం పెద్దవాళ్లనే బోల్తా కొట్టించింది. 1971లో జూడా ఫోక్‌మన్ గడ్డలు కొత్త నాళాలు తెచ్చుకుని పెరుగుతాయన్నాడు. వాటిని ఆపితే క్యాన్సరు ఆగుతుందని ఒక వర్గం, వాటినే గుండెలో పుట్టిస్తే బైపాస్ అక్కర్లేదని ఇంకో వర్గం బయల్దేరాయి. నాళాలు మొలిపించే ప్రోటీన్లు చేతికొచ్చాయి. మొదట కొద్దిమందికి ఇచ్చి చూస్తే నొప్పులు తగ్గాయి, స్కాన్లలో మచ్చలు చిన్నవయ్యాయి. పత్రికలు పొంగిపోయాయి. తరవాత ఉత్త నీళ్లు ఇచ్చే జట్టు కూడా పెట్టి, ఎవరికేం ఇచ్చారో ఎవరికీ తెలియకుండా చూశారు. ఎఫ్‌జీఎఫ్-2 పరీక్షలో 337 మంది. 2002లో ఫలితం వచ్చింది. నడకలో తేడా లేదు, స్కానులో తేడా లేదు. మరుసటి ఏడు వీఈజీఎఫ్ పరీక్ష, 178 మంది. రెండు నెలలకి మందు పడినవాళ్లు బాగా నడిచారు. ఉత్త నీళ్లు పడినవాళ్లూ అంతే బాగా నడిచారు. ఎక్కువ మోతాదు పడినవాళ్లకి నాలుగు నెలలకి నొప్పి కొంత తగ్గిందన్నది మిగిలిన ఆశ.

మందు పనిచేయలేదని అనుకోవచ్చు. చూసే కళ్లు చాలలేదని కూడా అనుకోవచ్చు. నాకైతే రెండూ నిజమనిపిస్తుంది. అందుకే నీ టాపిక్ చెడ్డదని అనడం లేదు. కాకపోతే నువ్వు వెళ్లి నిలబడాల్సిన చోటు ఇంకో మెట్టు కింద ఉంది.

ఇప్పుడు పని మాట. ఆర్‌జీడీ ట్రేసర్ మీ దగ్గర తయారు చేయాలంటే గాలియం జనరేటరు ఉంది గదా అంటావు. ఉంటే సరిపోదు. ఆ ట్రేసర్‌ని మనిషికి ఎక్కించడానికి అనుమతులు, నాణ్యత పరీక్షలు, కాగితాలు. ఇవన్నీ తేలేసరికి నీ కోర్సు ముగుస్తుంది. జనరేటరు ఎవరి కోసమూ ఆగదు. మా రోజుల్లో ముంబయి నుంచి మాలిబ్డినం జనరేటరు వచ్చేది, 66 గంటలకి సగమైపోయే సరుకు. సోమవారం దించుకున్నది శనివారానికి మూడో వంతు కూడా మిగిలేది కాదు. రోగి శుక్రవారం వస్తానంటే గుండె దడదడలాడేది, నాది.

దాని బదులు ఈ చిన్న ప్రశ్న తీసుకో: ఏ చికిత్సా మార్చకుండా ఒకే మనిషికి అమ్మోనియా పెట్ రెండుసార్లు తీస్తే, ఆ అంకె ఎంత మారుతుంది? చూడటానికి పేదగా ఉంది కదూ? కానీ ఆ తేడా ఎంతో తెలియకుండా, చికిత్స తరవాత వచ్చిన తేడా చికిత్స వల్లే అని ఎవడు చెప్పగలడు? బయటి దేశాల్లో లెక్కలున్నాయి. మీ కెమెరాలో, మీ టెక్నీషియన్ చేతిలో, మన జనంలో ఎంతన్నది మీరే తేల్చుకోవాలి. ఎథిక్స్ కమిటీ వాళ్లు రెండో స్కాను రోగికి ఎందుకని అడుగుతారు, అడగాలి కూడా. అమ్మోనియాతో అయ్యే రేడియేషన్ రెండు మిల్లీసీవర్టుల చిల్లర, నా కాలం టెక్నీషియం స్కానుకి పది దాకా అయ్యేది. అది చెప్పు, దాచకుండా రోగికీ చెప్పు. ఒప్పుకోని వాళ్లని మళ్లీ అడగకు.

బొమ్మలు చదివేటప్పుడు పేర్లు, తేదీలు కప్పేసి చదువు. ఏది ముందుదో ఏది తరవాతదో నీకు తెలిసిందంటే నీ కన్ను నీ మాట వింటుంది. నా కన్ను వింది. సీటీకీ పెట్‌కీ గుండె ఒకే చోట కూర్చుందో లేదో ప్రతిసారీ నీ చేత్తో సరిచూసుకో. ఊపిరి తేడాకి గుండె కాస్త జరిగినా పక్క గోడలో లేని మచ్చ పుడుతుంది. టెక్నీషియన్ చూశాడులే అనకు, వాడి మీద అప్పటికే పదిమంది రోగులుంటారు.

అన్నిటికన్నా ముందు, స్కానుకి వచ్చే వాళ్లకి ఇచ్చే కాగితం చూడు. ఇంగ్లీషులో ఉండి ఉంటుంది. 'కెఫీన్ తీసుకోరాదు' అని తెలుగులో రాసినా లాభం లేదు, ఆ పేరుతో ఏ కొట్టులోనూ ఏదీ అమ్మరు. టీ, కాఫీ, కూల్‌డ్రింకు, చాక్లెట్టు అని పేరు పేరునా రాయాలి. ఆయాసానికి ఊళ్లో ఆరెంపీ ఇచ్చే డెరిఫిలిన్ కూడా అడినోసిన్ పీట మీదే కూర్చుంటుంది. అది మందు గనక మనం అడగం, మందు గనక వాళ్లు చెప్పరు. "ఆయాసం మాత్ర ఏమైనా వేసుకున్నావా, సూది చేయించుకున్నావా?" అని విడిగా అడగాలి. అడిగే పని వార్డు బాయ్‌కి వదలకు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి ఏమేం నోట్లో పెట్టుకున్నాడో చెప్పించుకో. ఈ ప్రశ్న ఎవరూ అడగని చోట మంచి కెమెరా ఎందుకు కొన్నారో నాకర్థం కాదు.

ఇంకొకటి. స్కాను అయ్యాక వాళ్లు నీ మొహం చూస్తారు. "కొత్త నరాలు వచ్చినాయా అమ్మా?" అంటారు. కంప్యూటరు తెరలో వెలుగు చూసి నీ మొహం వెలిగితే, రిపోర్టు రాకముందే వాళ్లు ఊరంతా చెప్పుకుంటారు. రక్తం ఎంత అందుతోందో కొలిచాం, అంతవరకే తెలుసు అని చెప్పు. కటువుగా కాదు, మీ నాయనమ్మ చెప్పినట్టు చెప్పు.

మీ గైడుగారు నేను చెప్పిన చిన్న ప్రశ్నకి ఒప్పుకోకపోతే బాధపడకు, పెద్ద ప్రశ్నలోనే మొదటి అధ్యాయంగా దాన్ని పెట్టుకో. ఒప్పుకుంటే వెంటనే రాయి. ఆ రోగుల కాగితం తెలుగులో నేను రాసి పంపిస్తాను. ఆ పని నాకు వదిలెయ్యి, మీ తరానికి తెలుగు రాయడం ఓ శిక్ష.

పెద్దమ్మ నిన్ను సంక్రాంతికి రమ్మంటోంది. నర్సీపట్నం రోడ్ స్టేషనులో అన్ని బళ్లూ ఆగవు, తునిలో దిగు. కారు పంపిస్తాను.

అన్నట్టు, ఆ చింతపల్లి మనిషికి 2011లో నొప్పి తిరగబెట్టింది. ఈసారి భయపడకుండా ఆరోగ్యశ్రీలో బైపాస్ చేయించుకున్నాడు. మొన్న డిసెంబరులో కూడా కాఫీ పొడి పంపాడు.

ఇట్లు,
మీ పెదనాన్న